పచ్చబొట్టు ఎందుకు పోదు? గోరింటాకు ఎందుకు ఆగదు?

నరసరావుపేట, మాచర్ల, గురజాల చుట్టుపక్కల పల్లెల్లో 70 దాటిన పెద్దమ్మల ముంజేతులు ఒకసారి పరకాయించి చూడండి. మణికట్టుకి పైన చుక్కల వరసలు, ఒక తేలు, ఒక తులసికోట, కొందరికి వంకర టింకర అక్షరాల్లో ఒక పేరు. పెళ్లికి ముందో, పెళ్లైన కొత్తల్లోనో పొడిపించుకున్నవి. ఆ తర్వాత ఆ చేతులు 50, 60 ఏళ్లపాటు నాట్లు వేశాయి, పత్తి తీశాయి, మిరపకాయలు కోశాయి, బూడిదతో అంట్లు తోమాయి. తేలు కొద్దిగా మసకబారింది గానీ దాని కొండి ఎటు తిరిగిందో ఇప్పటికీ తెలుస్తుంది. అవే చేతులకు ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు మాత్రం శ్రావణం సగానికి వచ్చేసరికి జాడ లేకుండా పోతుంది.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. మన ఒంటి పైతోలు ఎప్పటికప్పుడు మారిపోతూ ఉంటుంది. స్నానం చేస్తూ ఒళ్లు రుద్దుకుంటే మట్టిలా రాలేదాంట్లో చాలా భాగం చచ్చిన చర్మ కణాలే. తోలు నెలకోసారి కొత్తదవుతుంటే 60 ఏళ్ల నాటి తేలు ఇంకా అక్కడే ఎలా ఉంది? అది ఉండగలిగినప్పుడు గోరింటాకు ఎందుకు ఉండలేకపోయింది?

జవాబు ఒక్క మిల్లీమీటరు లోతులో ఉంది.

రాలిపోయే పొర, నిలిచే పొర

చర్మంలో ముఖ్యంగా రెండు పొరలు. పైది బాహ్యచర్మం. ఒంట్లో చాలాచోట్ల దీని మందం మిల్లీమీటరులో పదో వంతు. దీని అట్టడుగున కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. కింద పుట్టినవి ముందు పుట్టినవాటిని పైకి నెడతాయి. పైకి వచ్చేకొద్దీ కణాలు చదునై, ఎండి, కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో నిండి చచ్చిపోతాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు నెల, నెలన్నర పడుతుంది.

దాని కింద ఉన్నది అంతశ్చర్మం. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుక కుదుళ్లు ఉండేది ఇక్కడ. ఇది పై పొరలా రాలిపోదు. పచ్చబొట్టు సూది పై పొరను దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున, ఈ పొరలో రంగును వదులుతుంది. పొడిచేటప్పుడు రక్తం చెమ్మ కనిపించేది అందుకే. పై పొరలో రక్తనాళాలే లేవు. సూది మరీ పైపైన ఆడితే ఆ రంగు కణాలతో పాటు రాలిపోతుంది. మరీ లోతుకి దిగితే కింది కొవ్వులోకి పాకి గీత అలుక్కుపోతుంది. పాతకాలంలో పొడిచే ఆడవాళ్లు ఈ లోతును కొలబద్ద పెట్టి కొలవలేదు. వేళ్ల బిగువులోనే వాళ్లకది తెలిసేది.

ఎరుకల చేతి సూది

పల్నాడులో పచ్చబొట్టు పొడవడం ఎక్కువగా ఎరుకల ఆడవాళ్ల పని. బుట్టలు అమ్ముతూ, సోది చెబుతూ ఊరూరా తిరిగేటప్పుడు సూదులూ మసీ వెంట తెచ్చుకునేవాళ్లు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అప్పటికి పల్నాడు మద్రాసు రాజధానిలోని గుంటూరు జిల్లాలో భాగం. తమిళ ప్రాంతంలో కొరవలు, మన దగ్గర ఎరుకలు అనే ఈ జనం రంగును ఎలా తయారుచేసేవారో ఆయన రాసిపెట్టాడు. పసుపు, అవిసాకు కలిపి నూరి, పల్చటి గుడ్డలో చుట్టి వత్తి చేస్తారు. ఆముదం దీపంలో దాన్ని వెలిగించి పైన కుండ బోర్లిస్తారు. కుండ లోపల పట్టిన మసిని గీకి నీళ్లతోనో, చనుబాలతోనో రంగరిస్తారు. మన ఇళ్లలో కాటుక పట్టే పద్ధతి కూడా దాదాపు ఇదే.

నాలుగైదు సూదుల్ని కలిపి దారంతో బిగించి కడతారు. ముందు మసితో బొమ్మ గీసి, దాని వెంట పొడుచుకుంటూ పోతారు. నొప్పి తెలియకుండా పాట ఎత్తుకుంటారు. కూలి కింద గింజలో, పాత చీరో ముట్టజెబుతారు.

పనితనం సంగతి అలా ఉంచితే, పదార్థం ఎంపికలోనే గొప్ప తెలివి ఉంది. మసి అంటే దాదాపుగా కార్బన్. నీళ్లలో కరగదు, నూనెలో కరగదు, ఒంట్లోని ఏ రసాయనమూ దాన్ని విరగ్గొట్టలేదు. ఆకుపసర్లు, పూలరంగులు అంతశ్చర్మంలో పెడితే కొన్నాళ్లకు కరిగో, విరిగో పోతాయి. ప్రపంచంలో ఒకరితో ఒకరికి పరిచయమే లేని జనాలు ఎన్నో చోట్ల ఈ పనికి మసినే ఎంచుకోవడానికి కారణం ఇదే.

బంగారం, వెండి ఇక్కడే వదిలిపోవాలి, మనిషితో పాటు వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని మన ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పేవారు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల్లో లంబాడీ అవ్వలను అడిగినా ఈ మాట వినిపిస్తుంది. చనిపోయాక ఏమవుతుందన్నది విజ్ఞానశాస్త్రం తేల్చే విషయం కాదు గానీ, ఒళ్లు నిలిచినంతకాలం మసి నిలుస్తుందన్నది మాత్రం నిజం. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ కొండల మంచులో ఒక మనిషి శవం దొరికింది. అతను బతికింది సుమారు 5,300 ఏళ్ల కిందట. అతన్ని ఓట్జీ అని పిలుస్తారు. ఎండి బిగుసుకుపోయిన ఆ తోలు మీద 61 గుర్తులు లెక్కపెట్టారు. అన్నీ మసి గీతలే. చాలావరకు నడుం, మోకాళ్లు, చీలమండల దగ్గరే ఉన్నాయి కాబట్టి అవి కీళ్లనొప్పులకి చేసిన వైద్యమై ఉండొచ్చని ఒక ఆలోచన.

సూదులు కట్టిన దారం స్థానంలోకి మోటారు రావడం చాలా తర్వాతి ముచ్చట. కాగితాలకు నకళ్లు తీయడానికి కాగితంలో సన్నని బెజ్జాలు పొడిచే కరెంటు కలానికి 1876లో ఎడిసన్ పేటెంటు తీసుకున్నాడు. న్యూయార్కులో పచ్చబొట్లు వేసే శామ్యూల్ ఓ'రైలీ ఆ ఆలోచననే చర్మానికి మళ్లించి 1891లో పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. ఇవాళ మన తిరునాళ్లలో పట్టా పరుచుకుని, పక్కన బ్యాటరీ పెట్టుకుని, జుయ్యిమని మోగే మిషన్‌తో నిమిషాల్లో పేరు రాసిచ్చేది దాని సంతానమే. వేగం పెరిగింది. లోతు మాత్రం ఎరుకల సూది దిగిన లోతే.

మసిని మోసే కణాలు

లోపలి పొర రాలిపోదు కాబట్టి రంగు అక్కడ ఉండిపోతుందని చెప్పి ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు. అంతశ్చర్మంలోని కణాలు కూడా చిరంజీవులు కావు. వాటిలోనూ చావు పుట్టుకలున్నాయి.

సూది దిగగానే ఒళ్లు దాన్ని గాయంగానే చూస్తుంది. బయటి పదార్థం వచ్చిందన్న కబురు అంది మాక్రోఫేజ్‌లు అక్కడికి చేరతాయి. ఇవి రోగనిరోధక వ్యవస్థలోని పెద్ద కణాలు. క్రిముల్ని, చచ్చిన కణాల్ని, చెత్తను మింగి అరిగించుకోవడం వీటి పని. మసిని కూడా అలాగే మింగుతాయి. క్రిమి అయితే లోపలి రసాల్లో విరిగిపోతుంది. కార్బన్ విరగదు. మింగిన కణం దాన్ని కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతుంది. మనకు బొమ్మగా కనిపించేది చాలావరకు ఈ కణాల కడుపులో ఉన్న మసే.

ఆ కణం చచ్చిపోతే? ఒకప్పుడు శాస్త్రవేత్తలు ఈ కణాలు చాలా ఏళ్లు బతుకుతాయి కాబట్టి పచ్చబొట్టు నిలుస్తుందనుకున్నారు. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో సాండ్రిన్ ఆన్రీ, బెర్నార్ మాలిసెన్ బృందం ఎలుకల మీద దీన్ని పరీక్షించి చూసింది. ఎలుకల తోకల మీద ఆకుపచ్చ రంగుతో పచ్చబొట్లు వేశారు. తర్వాత చర్మంలోని మాక్రోఫేజ్‌లను చంపేశారు. బొమ్మ చెక్కుచెదరలేదు. చచ్చిన కణాల నుంచి రంగు బయటపడి కాసేపు ఖాళీగా ఉంది. ఈలోగా రక్తం నుంచి కొత్త మాక్రోఫేజ్‌లు వచ్చి అక్కడికక్కడే దాన్ని మళ్లీ మింగేశాయి. పచ్చబొట్టున్న చర్మాన్ని ఒక ఎలుక నుంచి తీసి మరో ఎలుకకి అతికించినప్పుడు కూడా కొన్ని వారాలకల్లా రంగులో ఎక్కువ భాగం రెండో ఎలుక కణాల్లోకి మారింది.

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు కూలీలు బారులు తీరి తట్టలు అందించుకున్నట్టు, ఒక కణం దించిన మసిని పక్క కణం ఎత్తుకుంటుంది. మోసేవాళ్లు మారుతుంటారు, బరువు ఉన్నచోటే ఉంటుంది. పెద్దమ్మ చేతిమీది తేలును 60 ఏళ్ల కిందట మింగిన కణాలు ఎప్పుడో పోయాయి. తరం తర్వాత తరం కణాలు ఆ బొమ్మను మోస్తూ వస్తున్నాయి. ఆ చేతులు మార్చుకోవడంలోనే రవ్వంత మసి అటూ ఇటూ జరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గీతలు లావెక్కి, అంచులు మసకబారేది అందువల్ల.

కొంత మసి అక్కడ నిలవకుండా లింఫ్ నాళాల్లో కొట్టుకుపోతుంది కూడా. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో, చేతికి తగిలితే చంకలో బిళ్ళ కడుతుంది కదా, ఆ గ్రంథుల్లోకి చేరుతుంది. పచ్చబొట్లున్నవాళ్ల లింఫ్ గ్రంథులు అదే రంగు పులుముకుని ఉండటం శవపరీక్షల్లో డాక్టర్లు చూస్తుంటారు.

నల్ల మసి పచ్చగా కనిపించడమెందుకు?

పొడిచింది నల్లటి మసి, కనిపించేది నీలంతో కూడిన పచ్చ. ఇది రంగు మారడం వల్ల జరిగింది కాదు, వెలుతురు నడకలో తేడా. సూర్యకాంతిలోని ఎరుపు చర్మంలోకి లోతుగా దిగుతుంది. నీలం ఎక్కువ దూరం పోలేక, పైపైనే చెల్లాచెదరై వెనక్కి తిరుగుతుంది. లోతుకి దిగిన ఎరుపును అక్కడున్న మసి మింగేస్తుంది. వెనక్కి తిరిగొచ్చిన నీలం, చర్మంలోని గోధుమ పసుపు ఛాయతో కలిసి మన కంటికి పచ్చగా తోస్తుంది. ముంజేతి రక్తనాళాల్లో పారేది ఎర్రటి రక్తమే అయినా అవి పచ్చగా కనిపించడంలోనూ ఇలాంటి కారణమే ఉంది.

ఇక ఎండ. ప్రతి మే నెలలో ఉష్ణోగ్రతల జాబితాలో పైన కనిపించే రెంటచింతల మన పల్నాడుదే. అంతటి ఎండలో కూడా మసి పచ్చబొట్టు పెద్దగా వెలవదు, కార్బన్‌ను అతినీలలోహిత కిరణాలు విరగ్గొట్టలేవు. ఇప్పటి ఎరుపు, పసుపు, నారింజ రంగులు అలా కావు. అవి చాలావరకు ఫ్యాక్టరీల్లో తయారైన కర్బన సమ్మేళనాలు. ఎండకు విరిగి వెలిసిపోతాయి, విరిగిన ముక్కల్లో కొన్ని ఒంటికి మంచివి కావు. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి పచ్చబొట్టు రంగుల్లో వేల రసాయనాలకు హద్దులు పెట్టింది. నన్నడిగితే పేరో, బొమ్మో ఎలాగైనా వేయించుకోవాలనుకునేవాళ్లకి పాత నలుపే మేలు.

గోరింటాకు పండేదెలా

ఇప్పుడు పై పొర సంగతికి వద్దాం. పచ్చబొట్టులో ఉన్నది మొండి పదార్థం. గోరింటాకులో ఉన్నది రసాయనం, అందులోనూ చురుకైనది.

గోరింట ఆకును చెట్టు మీద ఉండగా చేత్తో తడిమితే రంగు అంటదు. ఆకులో రంగు తయారుగా లేదు, చక్కెరతో జతకట్టిన ముడిసరుకు రూపంలో ఉంది. రోట్లో వేసి రుబ్బగానే ఆకు కణాలు చితుకుతాయి, జత విడుతుంది, గాలి తగిలి లాసోన్ అనే నారింజరంగు పదార్థం పుడుతుంది. రుబ్బేటప్పుడు అమ్మమ్మలు వేసే చింతపండు, నిమ్మరసం ఊరికే వేసినవి కావు. పులుపు లాసోన్‌ను వెంటనే పాడవకుండా కాపాడుతుంది. వక్కలో టానిన్లున్నాయి, వాటి సొంత గోధుమరంగు దీనికి తోడవుతుంది.

రుబ్బిన ముద్దను చేతికి పెట్టగానే లాసోన్ అణువులు తడితో పాటు చర్మపు పైభాగంలోని చచ్చిన కణాల్లోకి ఇంకుతాయి. అక్కడి కెరటిన్‌తో రసాయన బంధం వేసుకుంటాయి. సబ్బుతో కడిగినా పోకపోవడానికి ఆ బంధమే కారణం. కడిగిన వెంటనే చెయ్యి నారింజ రంగులో ఉంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో గాలిలోని ఆక్సిజన్ తగిలి ముదురుతుంది. తెల్లారి లేవగానే పండలేదని ఏడ్చే పిల్లలకు సాయంత్రం దాకా ఆగమని పెద్దవాళ్లు చెప్పేది సరైన మాట. ఆ పూట నీళ్లలో చేతులు నాననివ్వకపోవడం కూడా సరైన పనే.

అరచెయ్యి, అరికాలు ఎక్కువగా పండటంలో రహస్యం లేదు. ఒంట్లో చచ్చిన కణాల పొర అన్నిటికంటే మందంగా ఉండేది అక్కడే. ఎక్కువ కెరటిన్, ఎక్కువ బంధాలు, ఎక్కువ ఎరుపు. చేతి వెనక భాగంలో ఆ పొర పల్చన కాబట్టి రంగూ పల్చనే, పోవడమూ త్వరగానే. ఒంట్లో వేడి ఉన్నవాళ్లకి బాగా పండుతుందనే మాటలో కూడా నిజముంది, వెచ్చదనం రసాయన చర్యను తొందరపెడుతుంది. బాగా పండితే మంచి మొగుడొస్తాడన్న మాటకి మాత్రం కెరటిన్ జవాబుదారీ కాదు.

చచ్చిన కణాలకి పట్టుకున్న రంగు ఆ కణాలతో పాటే రాలిపోతుంది. అరచేతిలో రెండు మూడు వారాలు. గోళ్లకైతే నెలల తరబడి ఉంటుంది. గోరూ కెరటినే గానీ, పొరలుగా రాలదు. నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతూ రంగును చివరికి తోసుకుపోతుంది. మనం కత్తిరించేదాకా అది పోదు.

బాక్స్: ‘నల్ల మెహందీ’ అసలు గోరింటాకేనా?

గోరింటాకు ఎంత మంచిదైనా పది నిమిషాల్లో నల్లగా పండదు. అలా పండితే ఆ కోన్‌లో కలిపింది చాలావరకు పీపీడీ అనే పదార్థం, పూర్తి పేరు పారాఫినైలిన్ డయామిన్. జుట్టుకు వేసే నల్ల రంగుల్లో ఉండేది ఇదే. జుట్టు చచ్చిన పదార్థం. చర్మం మీద గంటల తరబడి ఉంచితే ఇది లోపలికి దిగి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు, లేదా వారం పది రోజుల తర్వాత గీసిన పువ్వు గీసినట్టే పొక్కులు తేలొచ్చు. పొక్కులు మానినా మచ్చ మిగలొచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఒకసారి ఎలర్జీ పుట్టాక అది జీవితాంతం ఉంటుంది. పదేళ్ల వయసులో నల్ల మెహందీ పెట్టించుకున్న పిల్ల నలభైలో తలకు రంగు వేసుకున్నప్పుడు ముఖమంతా వాచిపోవచ్చు. అమెరికాలో, యూరప్‌లో పీపీడీని చర్మం మీద వాడటానికి అనుమతి లేదు.

అసలు గోరింటాకు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పసిపిల్లలకు లాసోన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదముంది. నెలల పిల్లలకి ఒళ్లంతా, అరికాళ్లంతా పెట్టకపోవడమే మంచిది.

నీళ్లతో అంటే బొమ్మ

బబుల్‌గమ్ పొట్లాంలో వచ్చే బొమ్మను చేతికి అంటించి, తడిగుడ్డ అద్ది, ఊపిరి బిగబట్టి కాగితం లాగడం చాలామంది చిన్నతనంలో చేసే ఉంటారు. ఆ కాగితం మీద ముందు నీటికి జారే పూత ఉంటుంది. దానిమీద బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చువేస్తారు. అన్నిటికంటే పైన జిగురు. జిగురు వైపు చర్మానికి ఆనించి తడిపితే పూత కరిగి కాగితం జారిపోతుంది, బొమ్మ ఉన్న పల్చటి పొర చర్మానికి అంటుకుని మిగులుతుంది. గోరింటాకులా ఇది లోపలికి ఇంకదు, అన్నిటికంటే పైన కూర్చుంటుంది. నాలుగైదు రోజులుంటే గొప్ప. చెమట, కొబ్బరినూనె, శానిటైజర్ దీనికి శత్రువులు. పల్నాటి ఎండాకాలంలో సాయంత్రానికే అంచులు లేచిపోతాయి.

అయినా తాత్కాలిక టాటూల గిరాకీ పెరుగుతూనే ఉంది, పెళ్లిళ్లలో, కాలేజీ పండగల్లో, క్రికెట్ మ్యాచ్‌ల రోజుల్లో. దీన్ని అసలుకి నకలుగా చూడటం నాకు సరిగ్గా అనిపించదు. ఎప్పటికీ ఉండే గుర్తు, కొన్నాళ్లుండే గుర్తు, రెండూ మన ఆడవాళ్ల చేతుల మీద తరతరాలుగా పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పుట్టింటి, అత్తింటి గుర్తు. మరొకటి ఆ ఏటి ఆషాఢానికి, ఆ ఇంటి పెళ్లికి చెందినది. వచ్చే ఏడు మళ్లీ కొత్తగా పెట్టుకోవచ్చన్న సంతోషం మొదటిదానిలో లేదు.

మగపిల్లల విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. పల్నాడు నుంచి సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లు ఎందరో. భారత సైన్యం నిబంధనల ప్రకారం శాశ్వత పచ్చబొట్టు మోచేయి లోపలి మడత నుంచి మణికట్టు దాకా, ముంజేతి లోపలి వైపు మాత్రమే ఉండొచ్చు, లేదా అరచేతి వెనక భాగంలో. ఆచారం ప్రకారం పొడిపించుకునే గిరిజన తెగలకు మినహాయింపులున్నాయి. పద్దెనిమిదేళ్ల ఉత్సాహంలో అభిమాన నటుడి పేరు భుజం మీదో, మెడ మీదో రాయించుకున్న కుర్రాడు రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరుగు నెగ్గి కూడా వెనక్కి రావలసి రావచ్చు.

తీయించుకోవాలంటే

తీయించుకోవచ్చు గానీ అది వేయించుకున్నంత తేలిక కాదు. 1983లో హార్వర్డ్‌కు చెందిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ఒక సూత్రం చెప్పారు: సరైన రంగు కాంతిని అతి తక్కువ సమయం పాటు కొడితే చుట్టూ ఉన్న చర్మం కాలకుండా రంగు రేణువులు మాత్రమే వేడెక్కుతాయి. ఇప్పటి లేజర్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. సెకనులో వందకోట్ల వంతుల్లో కొలిచే మెరుపు తగిలి మసి రేణువులు చిన్న ముక్కలవుతాయి, వాటిని మోస్తున్న కణాలు పగిలిపోతాయి. చిన్న ముక్కల్లో కొన్ని లింఫ్‌లో కొట్టుకుపోతాయి. మిగిలినవాటిని పక్కనున్న మాక్రోఫేజ్‌లు మళ్లీ ఎత్తుకుంటాయి. వారాల ఎడంతో ఎన్నో సిట్టింగులు ఎందుకు పడతాయో ఇక్కడే తెలుస్తుంది. లేజర్ కొట్టిన సమయంలో ఆ కణాలను కొద్దిరోజులు ఆపగలిగితే పని తేలికవుతుందని మార్సెయ్ బృందం సూచించింది. అన్ని రంగుల కాంతినీ మింగుతుంది కాబట్టి నలుపు తేలిగ్గా పోతుంది. పసుపు, లేత ఆకుపచ్చ మొండికేస్తాయి.

ఆసుపత్రిలో పచ్చబొట్టు

క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చేటప్పుడు కిరణాలు వారాల తరబడి రోజూ సరిగ్గా ఒకే చోట పడాలి. అందుకోసం చాలా ఆసుపత్రుల్లో రోగి ఒంటి మీద సూదిమొనంత చుక్కలు శాశ్వతంగా పొడుస్తారు. స్కెచ్ పెన్ను గీతలు చెమటకు, స్నానానికి నిలవవు. మందులకు లొంగని బొల్లి మచ్చలకు చర్మపు రంగునే పచ్చబొట్టుగా వేసే పద్ధతి కూడా చర్మవైద్యుల దగ్గర ఉంది.

తాత్కాలిక టాటూ కూడా వైద్యంలోకి వచ్చింది. 2011లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం వెంట్రుక కంటే పల్చటి ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌ను తయారుచేసి, నీళ్లతో అంటించే బొమ్మలాగే చర్మం మీదకి ఎక్కించింది. అది గుండె, కండరాలు, మెదడు పంపే విద్యుత్ సంకేతాలను చదివింది. ఇలాంటివి తయారుచేసేవాళ్లందరికీ ఒకటే తలనొప్పి: కింద చచ్చిన కణాలు రాలిపోతుంటే పైన అంటించింది ఎంత మంచిదైనా ఊడక తప్పదు.

తిరునాళ్లలో చెయ్యి చాపే ముందు

కోటప్పకొండ శివరాత్రికో, కారంపూడి వీరుల ఉత్సవాలకో వెళ్లినప్పుడు పచ్చబొట్టు వేయించుకోవాలని సరదా పుడితే చూడవలసింది బొమ్మల పుస్తకాన్ని కాదు, సూదిని. సీలు మీ కళ్లముందే విప్పాలి. మీకు ముందున్నవాళ్లకి వాడిన మూతలోని రంగులోనే సూది ముంచితే లేచి వచ్చేయండి. సూది మార్చినా ఆ రంగులో వాళ్ల రక్తం కలిసే ఉంటుంది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఒకరి నుంచి ఒకరికి పాకే దారి అదే. సూది పడిన రోజు నుంచి ఏడాది దాకా మీ రక్తాన్ని బ్లడ్ బ్యాంకు తీసుకోదు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉండి రక్తం ఇవ్వాలనుకుంటున్నవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి.